గాలి డబ్బాలోకి నూనె ఎలా వచ్చిందంటే

చిరంజీవి పెద్దోడికి, మీ అమ్మ దీవించి రాయించేది. ఇక్కడ మనుషులం అందరం బాగానే ఉన్నాం. నువ్వు కూడా బాగున్నావని, వేళకి తింటున్నావని, ఆ క్రేను ఎక్కేటప్పుడు నడుముకి బెల్టు కట్టుకుంటున్నావని అనుకుంటున్నాను. బాగాలేనిదల్లా కారొక్కటేనని పోయిన ఉత్తరంలో రాశావు. ఈ ఉత్తరం దాని గురించే.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అడుగుతావు. ఫోనులో నువ్వు నా మాట సగమే వింటావు. మిగతా సగానికి "సరేలే అమ్మా, చూద్దాంలే" అంటావు. ఇంతలో వెనక నుంచి నిన్నెవరో పిలుస్తారు, పెట్టేస్తావు. కాగితానికి ఎవరూ అడ్డు రారు. చివరిదాకా చదువు, తిట్టుకుంటే ఆ తరవాత తిట్టుకో.

రాస్తున్నది మీ తమ్ముడి భార్య. ఎప్పుడూ రాసిపెట్టే మేడమీది టీచరమ్మను ఈసారి పిలవలేదు. ఆవిడ మంచిదే కానీ నా మాటలకి ఇస్త్రీ చేసి రాస్తుంది. నేను "ఆ వెధవకి చెప్పండి" అంటే ఆవిడ "కుమారునికి తెలియజేయునది" అని రాస్తుంది. అందుకే చిన్నకోడలిని కూచోబెట్టాను. "అన్నది అన్నట్టు రాయి. ఒక్క ముక్క తగ్గించినా టీచరమ్మ చేత చదివించుకుని పట్టేస్తాను" అన్నాను. "మరీ పెద్ద తిట్లు వస్తే ఏం చెయ్యాలి అత్తయ్యా?" అంది. "పెద్ద అక్షరాలతో రాయి" అన్నాను. నవ్వింది. ఈ పదిహేను రోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. మోకాలు ఎప్పట్లాగే ఉంది, దిగేటప్పుడు తిడుతుంది, ఎక్కేటప్పుడు ఏడుస్తుంది. ప్రెషరు మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. వంటింటి కప్పు కారడం ఆగింది, మీ తమ్ముడు పైకెక్కి తారు పూశాడు. ఎండలో కారులో ఎందుకు కూచుంటున్నావని అడిగావు. ఆ సంగతి నీకు చేరవేసింది ఎదురింటి దర్జీ అని నాకు తెలుసు, వాడి మిషను కన్నా వాడి నోరు ఎక్కువ కుడుతుంది. కారులో సీటు మెత్తగా ఉంటుంది, మోకాలు చాచుకోవచ్చు. అక్కడ కూచుంటే ఎవరూ వచ్చి మంచాలు జరపమనరు. అందుకు.

తుక్కు కొట్టువాడు వచ్చి చూశాడా అని కూడా అడిగావు. వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక టైరుని బూటుకాలితో తన్నాడు.

"కాలు తియ్యి" అన్నాను.

"మీ పెద్దబ్బాయి పంపారమ్మా, చూడమని."

"చూడమన్నాడు కదా, కళ్ళతో చూడు."

బానెట్టు ఎత్తాడు, గాలి డబ్బా మూత తీశాడు, వేలు పెట్టి నూనె చూపించాడు. "ఇంకేముందమ్మా, ఇంజను పోయింది, కిలోల లెక్కన తీసుకుంటాను" అన్నాడు. ఆ ముక్కతో నాకు ఒళ్ళు మండిపోయింది. మీ తమ్ముడికన్నా రెండేళ్ళు చిన్నది ఆ కారు. మిమ్మల్నిద్దరినీ స్కూలుకి మోసింది, మీ నాన్న టాక్సీ నడిపి ఇల్లు నడిపింది దాని మీదే. దాన్ని కిలోల లెక్కన కొంటాడట. వాణ్ణి వీధి చివరిదాకా సాగనంపాను. ఎలా సాగనంపానో నీ దర్జీ చెబుతాడులే.

ఇక అసలు సంగతి. పోయిన సెలవుకి వచ్చినప్పుడు నువ్వేం చేశావో ఒకసారి గుర్తు చేసుకో. గాలి పీల్చుకునే ఆ డబ్బా తెరిచావు. లోపల జల్లెడ అడుగున నూనె నిలిచి ఉంది. గాలి పోయే గొట్టం లాగి చూస్తే అందులోనూ తడి. నువ్వు అలాగే నూనె చేతులతో వాలు దిగి, కిందనున్న మీ తమ్ముడి షెడ్డు ముందుకి పోయి నిలబడ్డావు. అక్కడ ఇద్దరు బండ్లవాళ్ళు కూచుని ఉన్నారు. వాళ్ళ ముందు "పిస్టన్ రింగులు వెయ్యడం రానివాడివి, ఇంజను పని బోర్డు ఎందుకు పెట్టుకున్నావురా?" అన్నావు. వాడు ఏదో చెప్పబోయాడు. "నాన్న కారు నీ చేతికి ఇవ్వొద్దని నేను అప్పుడే చెప్పాను" అన్నావు. నేను పైన మెట్ల మీదే ఉన్నాను. అంతా విన్నాను.

మీ నాన్న పోయిన తరవాత ఆ ఇంజను విప్పి బాగు చేసింది వాడే కదా. మేస్త్రి లేకుండా, ఎవరి సాయం లేకుండా వాడు ఒంటరిగా చేసిన మొదటి ఇంజను అది. నెలా పదిరోజులు పట్టింది. ప్రతి నట్టునీ కిరసనాయిలులో కడిగి పాత దుప్పటి మీద వరసగా పేర్చుకున్నాడు. ఆ దుప్పటి తొక్కానని నన్ను కూడా కసిరాడు. అలాంటి వాడు నువ్వు అన్న మాటకి ఎదురు చెప్పలేదు. నువ్వు వెళ్ళిపోయాక ఆ ఇద్దరు బండ్లవాళ్ళూ మళ్ళీ రాలేదు. వాళ్ళ వెనక ఇంకొందరు రావడం మానేశారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ తరవాత నీ ఉత్తరం వచ్చింది. "రింగులు అరిగి నూనె పైకి తన్నుతోంది, వాడు పాత రింగులే వేసి ఉంటాడు, కారు తుక్కుకి ఇచ్చెయ్యి, వాణ్ణి దాన్ని ముట్టుకోనివ్వకు" అని. ఆ ఉత్తరం టీచరమ్మ చదువుతుంటే మీ తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు. మర్నాడు పొద్దున బోర్డు దించేశాడు. బస్సు డిపోలో టైర్లు విప్పే పని ఉందట, వచ్చే సోమవారం నుంచి చేరతానని మాటిచ్చి వచ్చాడు.

"టైర్లలో ఏం తప్పు జరుగుతుందమ్మా, ఉంటే గాలి ఉంటుంది, లేకపోతే ఉండదు" అన్నాడు.

నా కొడుకు నోటివెంట అలాంటి మాట రావడం నేను వినలేకపోయాను. అందుకని శుక్రవారం పొద్దున్నే మోకాలికి డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పి కారు తీయించాను. బజారు మలుపు దగ్గర ఎడమకి తిప్పమన్నాను.

"అమ్మా, ఇది డాక్టరు దారి కాదు."

"కారుకి డాక్టరు దారి."

వాడికి అర్థమై బ్రేకు వేశాడు. "ఆయన దగ్గరికా? ఏ మొహం పెట్టుకుని రానమ్మా?" అన్నాడు. "ఉన్న మొహమే పెట్టుకుని రా" అన్నాను.

నీకు తెలుసు కదా, మీ తమ్ముడికి పని నేర్పింది చెవుల మేస్త్రి. మీ నాన్నకి స్నేహితుడు. ఇప్పుడాయనకి మనుషులు మాట్లాడేది బొత్తిగా వినపడదు, ఇంజను మాట్లాడితే మాత్రం వినపడుతుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. తనకి వినపడదు గనుక మనకీ వినపడదనుకుని అరిచి మాట్లాడతాడు. మమ్మల్ని చూడగానే "ఏమిట్రా, నీ చేత్తో చేసిన ఇంజను నా దగ్గరికి మోసుకొచ్చావు? చేతులు అమ్ముకున్నావా?" అని అరిచాడు. బజారు మొత్తం తిరిగి చూసింది. మీ తమ్ముడు సిగ్గుతో నేలలోకి కుంగిపోయాడు.

నేను స్టూలు తెప్పించుకుని కారు ముందే కూచున్నాను. ఏం జరిగిందో నీకు ఒకటొకటిగా చెబుతాను. నువ్వూ యంత్రాల దగ్గర పనిచేసేవాడివే, అబద్ధమైతే నీకే తెలుస్తుంది.

మొదట గాలి డబ్బా తెరిచాడు. నూనె వేలికి రాసుకుని వెలుతురులో చూశాడు, వాసన చూశాడు. "ఇంత శుభ్రంగా ఉందేమిటి?" అని తనలో తను అనుకున్నాడు, అంటే అరిచాడు. ఆ తరవాత ఇంజను నడిపించి పొగగొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టాడు. నీలం పొగ లేదు, గుడ్డ మీద నూనె చుక్క పడలేదు. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు, తల ఊపాడు. అప్పుడు, ఇంజను నడుస్తుండగానే, నూనె పోసే మూత విప్పి "ఒక కాగితం ఇవ్వు చెల్లెమ్మా" అన్నాడు.

నా సంచిలో ఉన్న కాగితం నీ ఉత్తరమొక్కటే. ఇచ్చాను.

దాన్ని ఆ కన్నం మీద పరిచాడు. "రింగులు అరిగితే లోపలి మంట గాలి కిందికి జారి, ఈ కన్నంలోంచి పైకి కొడుతుంది. కాగితం ఎగిరిపోవాలి. చూడు" అన్నాడు. ఎగరలేదు రా. కొంచెం వణికింది, కన్నానికి అతుక్కుని కూచుంది. రింగులు అరిగాయని రాసి ఉన్న నీ ఉత్తరమే కూచుంది. దానికి నూనె మరక అంటింది, ఆ సంగతి ఏమీ అనుకోకు.

అయినా మీ తమ్ముడు నమ్మలేదు. "లోపలి ఒత్తిడి కొలిచి చూడండి మేస్త్రీ" అన్నాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి, గడియారంలాంటి దాన్ని ఒక్కో కన్నంలో బిగించి ఇంజను తిప్పారు. నాకు అంకెలు తెలియవు, ముల్లు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. మొదటిసారి ఎక్కడ ఆగిందో అక్కడ అద్దం మీది జిడ్డులో గోరుతో గీత పెట్టుకున్నాను. రెండోసారీ అక్కడే. మూడోసారీ అక్కడే. నాలుగోసారి ముల్లు ఆగేసరికి మీ తమ్ముడు అవతలికి తిరిగి, గోడకి వేలాడే పానాలు సర్దడం మొదలుపెట్టాడు. సర్దడానికి అక్కడేమీ లేదు.

"కొత్త ఇంజను కూడా ఇంత సమానంగా కొట్టదురా" అని అరిచాడు మేస్త్రి.

మరి నూనె గాలి గొట్టంలోకి ఎందుకు వస్తోంది? ఇంజనుకీ మనలాగే ఊపిరి ఉంటుందట. కింద నూనె ఉండే తొట్టిలోని ఆవిరి బయటికి పోవడానికి ఒక చిన్న పైపు ఉంటుంది, అది గాలి డబ్బాలోకే పోతుంది. ఆ పైపు పూడుకుపోయిందేమో అని విప్పారు, లోపల తడి ఉంది కానీ దారి బాగానే ఉంది. దాని చివర ఆవిరిని ఒకవైపే వదిలే చిన్న బిళ్ళ ఉంటే ఊపి చూశాడు, కటకటమని ఆడింది. అదీ బాగానే ఉంది. మేస్త్రి తల గోక్కున్నాడు. చివరికి నూనె ఎంతుందో చూసే కడ్డీ లాగాడు.

"అది సరిగ్గానే ఉంది మేస్త్రీ, నిన్నే ఇంటి దగ్గర చూశాను, గీత మీదే ఉంది" అన్నాడు మీ తమ్ముడు.

మేస్త్రి కడ్డీ తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ లాగాడు. నూనె పై గీత దాటి రెండు వేళ్ళు పైకి ఉంది.

ఆ తరవాత మేస్త్రి నెమ్మదిగా అడిగాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. "ఇంటి దగ్గర కారు ఎక్కడ నిలబెడతారు?"

మన ఇంటి ముందు వాలు ఉంది కదా. కారు ముక్కు పైకెత్తి ఆ వాలు మీదే ఉంటుంది. మీ నాన్న ఉండగా మనమున్న పాత అద్దె ఇంటి ముందు వీధి సమంగా ఉండేది. మేస్త్రి తాగుతున్న టీ గ్లాసు వంచి చూపించాడు. ముందు వైపు టీ తగ్గింది, వెనక వైపు అంచు దాకా వచ్చింది. కడ్డీ ఉండేది ముందు వైపు. నూనె వెనక్కి జరిగిపోతే కడ్డీకి తక్కువే కనపడుతుంది. తక్కువ ఉందని పోస్తే లోపల ఎక్కువైపోతుంది. ఎక్కువైన నూనెని లోపల తిరిగే ఇనుము చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ ఊపిరి పైపులోంచి గాలి డబ్బాలోకి పొంగుతుంది. అంతేరా. రింగులు కాదు. ఇంజను కాదు. వాడి చెయ్యి కాదు.

"ఇంత ప్రేమగా ఎవరు పోశారురా దీనికి?" అని మేస్త్రి మళ్ళీ అరిచాడు.

మీ తమ్ముడు "నేనే అయ్యుంటాను. పోయినసారి నూనె మార్చినప్పుడు వాలు మీదే చూసుకుని పోశాను" అన్నాడు. అని తల దించుకున్నాడు. ఇంజను బాగుందని తేలిన పావుగంటకే ఇంకో తప్పు మీద వేసుకున్నాడు. "నూనె కొలవడం కూడా రాని వాడికి ఇంజను పనెందుకు మేస్త్రీ, నేను డిపోలో చేరిపోతాను" అన్నాడు. ఎక్కువైంది తీసేసి, డబ్బా కడిగి, కారు ఇంటికి తెచ్చాం.

ఇప్పటిదాకా చెప్పింది మీ తమ్ముడి తరఫున. ఇక మిగిలింది నా సంగతి. ఇక్కడ ఈ అమ్మాయిని కాస్త ఆగి మంచినీళ్ళు తెమ్మన్నాను. తాగాను. చెబుతున్నాను.

ఆ నూనె పోసింది నేను.

ఈ పిల్ల కలం ఆపింది. నా మొహంలోకి చూస్తోంది. రాయవే అన్నాను.

"మీరా అత్తయ్యా?"

"నేనే. రాయి."

"ఆయన పదిహేను రోజులుగా సరిగ్గా తినడం లేదు. మీరు ఎదురుగా కూచుని చూస్తూనే ఉన్నారు."

"చూస్తూనే ఉన్నాను. అదీ రాయి."

లేచి వంటింట్లోకి పోయింది. పొయ్యి ఆర్పిన చప్పుడు వినపడింది. రాదేమో అనుకున్నాను. వచ్చి కూచుని, కాగితం సర్దుకుని, "చెప్పండి" అంది. నా వైపు చూడలేదు.

మీ నాన్న టాక్సీ నడిపే రోజుల్లో ఆ పాత ఇంజను నూనె తాగేది. ప్రతి శనివారం పొద్దున్నే కడ్డీ లాగి చూసి, ఒక గరిటెడు పోసేవారు. చూపు తగ్గాక ఆ పని నాకు నేర్పారు. గీతలు రెండు, కిందిది తగ్గితే పొయ్యాలి, అంతే. మంచం పట్టాక కూడా శనివారం వస్తే మంచం మీద నుంచి "పోశావా?" అనేవారు. "పోశాను" అనేదాన్ని. ఆయన పోయాక కూడా నేను మానలేదు. ఇంట్లో ఎవరూ లేవకముందే కడ్డీ లాగేదాన్ని. వాలు మీద తక్కువ కనపడేది. ఒక గరిటె పోసేదాన్ని. పోసింది గాలి డబ్బాలోకి పొంగిపోతే వచ్చే వారానికి మళ్ళీ తగ్గేది, మళ్ళీ పోసేదాన్ని. నేను పోస్తున్నాను గనుక అది కక్కుతోంది, అది కక్కుతోంది గనుక నేను పోస్తున్నాను. ఆ గరిటె పాత బట్టల సంచీలో దాచి ఉంచాను, వంటింట్లో ఒక గరిటె తగ్గిందని ఈ పిల్ల వెతికి వెతికి వదిలేసింది.

మీ నాన్న మీద బెంగతో పోశానని రాయిస్తే నీకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, నన్ను వదిలేస్తావు. అలా వదిలించుకోవడానికి నేను ఈ ఉత్తరం రాయించడం లేదు. బెంగ ఉంది, కాదనను. కానీ నిజం అది కాదు. ఇంజను కొత్తగా చేశాక ఇక నూనె తాగదు, పొయ్యక్కర్లేదని మీ తమ్ముడు నాతో చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. నేను నమ్మలేదు. వాడు ఒంటరిగా విప్పి బిగించిన ఇంజను కదా, లోపల ఎక్కడో తేడా ఉండే ఉంటుంది, పైకి చెప్పడం లేదు, నేను గుట్టుగా కాపాడాలి అనుకున్నాను. కడ్డీ మీద తక్కువ కనపడినప్పుడల్లా "చూశావా, నేననుకున్నదే" అనుకున్నాను. నువ్వు షెడ్డు ముందు నిలబడి వాడి మీద అరిచినప్పుడు నేను మెట్లు దిగి రాలేదు. మోకాలు నొప్పి అని కాదు. నువ్వన్నదే నా మనసులోనూ ఉంది. నువ్వు నోటితో అన్నావు, నేను గరిటెతో అన్నాను.

మేస్త్రి దగ్గర ఆ కడ్డీ చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పేయాల్సింది. ఆయనకి గుసగుసగా చెబితే వినపడదు, అరిచి చెబితే బజారంతా వింటుంది. ఆ సిగ్గుతో నోరు కట్టేసుకున్నాను. నా సిగ్గు కోసం కొడుకు తల దించుకుంటే చూస్తూ స్టూలు మీద కూచున్నాను. శుక్రవారం నుంచి ఈ బుధవారం దాకా కూచునే ఉన్నాను.

ఈ పిల్లతో అన్నాను, నీకు నన్నేమైనా అనాలని ఉంటే నీ మాటగా ఒక వాక్యం రాసుకో, నేను చదివించి చూడను అని. "నేనేం రాయను. ఈ మాట మీరు ఆయనకి నోటితో చెప్పండి. కాగితం మీద బావగారికి చెప్పడం తేలిక" అంది. ఎంత ధైర్యం. కానీ సరిగ్గానే అంది.

ఇక్కడిదాకా నిన్న రాయించాను. ఇవాళ గురువారం.

పొద్దున మీ తమ్ముడు గడ్డం గీసుకుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. "ఆ నూనె పోసింది నువ్వు కాదు, నేను" అన్నాను. సబ్బు మొహంతోనే నా వైపు తిరిగాడు. అంతా చెప్పాను, శనివారాలు, గరిటె, సంచీ, అంతా.

"పొయ్యక్కర్లేదని చెప్పాను కదమ్మా."

"చెప్పావు."

"మర్చిపోయావా?"

అక్కడ ఒక దారి దొరికింది చూడు. మర్చిపోయానంటే అయిపోయేది. ముసలిదాన్ని, మర్చిపోతే ఎవరేం అంటారు?

"మర్చిపోలేదు. నమ్మలేదు" అన్నాను.

వాడు కత్తి కింద పెట్టేశాడు. సగం గీసిన గడ్డంతో మొహం కడుక్కుని బయటికి పోయాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఈ పిల్ల రెండుసార్లు వాలు దిగి వెళ్ళి చూసి వచ్చింది. "షెడ్డులో కూచున్నారు, ఏమీ చెయ్యడం లేదు" అంది. నేనూ తినలేదు.

మూడు గంటలకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి "అన్నయ్యకి రాయిస్తున్నావట" అన్నాడు.

"రాయించాను. అయిపోవచ్చింది."

"నూనె ఎక్కువైందని రాయించు, చాలు. ఎవరు పోశారన్న ముక్క తీసెయ్యి. అన్నయ్య నీ మీద అరుస్తాడు. ఈ వయసులో నీ పరువు పోవడం ఎందుకు?"

అదీ వాడు. నేను నమ్మని కొడుకు వచ్చి నా పరువు కాపాడతానంటున్నాడు.

"తియ్యను. పరువు నాది, పోగొట్టుకునేది నేను, మధ్యలో నీకేం నొప్పి?" అన్నాను.

"మొండిదానివమ్మా" అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందా?"

నవ్వలేదు. కానీ లోపలికి వచ్చి కూచుని, తినడానికేమైనా ఉందా అని భార్యని అడిగాడు. తింటున్నంతసేపూ నేను ఎదురుగా కూచున్నాను. డిపోకి పోతావా అని అడగలేకపోయాను. వాడూ చెప్పలేదు. బోర్డు ఇంకా కిందే ఉంది. నన్ను క్షమించాడని నీకు రాయించను, ఎందుకంటే నాకు తెలియదు. ఒక్క పూట చెప్పిన నిజానికి రెండేళ్ళ అపనమ్మకం చెరిగిపోతుందని నేనూ అనుకోవడం లేదు.

అందుకే నీకు ఈ మాట. నువ్వు అరిచింది నలుగురి ముందు, వీధిలో. నేను చేసింది ఎవరూ చూడకుండా, పొద్దున్నే. నాది నేను ఒప్పుకున్నాను. నీది నువ్వు ఒప్పుకోవాలి. "నాకు తెలియక అన్నాను, నూనె కనపడితే రింగులే అనుకున్నాను" అని నువ్వనుకోవచ్చు. అనుకునే ముందు కడ్డీ లాగి చూశావా? లాగినా ఆ వాలు మీదే లాగి ఉంటావు. ఒక కాగితం పరిచి చూశావా? ఇంజను మేస్త్రి అయిన తమ్ముడు పక్కనే ఉంటే "చూడరా, ఇదేమిటి?" అని అడిగావా? అడగలేదు. మనిద్దరం వాడి పని చూడలేదు రా, వాడి చిన్నతనాన్నే చూశాం.

ఈ ఉత్తరం మీ వైపు సిమెంటు వేసుకుని వచ్చే లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. శనివారానికి నీకు అందుతుంది. మీ తమ్ముడు డిపోకి పోవాల్సింది సోమవారం పొద్దున. మధ్యలో ఆదివారం ఉంది. ఫోను చెయ్యి. నాకు కాదు, వాడికి. నాకు చేస్తే ఎత్తను, ముందే చెబుతున్నాను. క్షమించమని పెద్ద పెద్ద మాటలు నీకు రావు, నాకు తెలుసు, నాకూ రావు. నీ క్రేను గేరు పట్టేస్తోందని రాశావు కదా, దాని సంగతి ఏమిటో వాణ్ణి అడుగు. వాడు చెప్పేది చివరిదాకా విను. మధ్యలో "సరేలే, చూద్దాంలే" అనకు. వాడు అడిగినవాటికి జవాబు చెప్పు. తరవాత వాడు చెప్పినట్టే చెయ్యి.

ఈ పిల్ల ఇప్పుడే ఇదంతా మొదటి నుంచి చదివి వినిపించింది. ఒక్క ముక్క తగ్గించలేదు. టీచరమ్మని పిలవాల్సిన పని లేదు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)